నిద్రాణ టీబీ: చెన్నైలో ఎవరికి పరీక్ష చేయాలి, ఖర్చు ఎక్కడ గిట్టుతుంది

ఒంట్లో టీబీ క్రిమి ఉన్నా జబ్బు ఇంకా బయటపడని స్థితి నిద్రాణ టీబీ. దాని పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ తేలిన మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లది మొదటి వరుస. వ్యాసర్పాడిలోనో పెరంబూరులోనో ఒకే గదిలో అయిదారుగురు పడుకునే కుటుంబమైతే మరీను. డయాలసిస్ పేషెంట్లు, అవయవ మార్పిడికి సిద్ధమవుతున్నవాళ్లు, యాంటీ-టీఎన్‌ఎఫ్ మందులు (కీళ్లవాతం లాంటి జబ్బులకు వాడే, రోగనిరోధక శక్తిని తగ్గించేవి) మొదలుపెట్టబోయేవాళ్లు, రాతిధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్న కూలీలు ఆ తర్వాత.

ముందు బయటపడిన టీబీ జబ్బు లేదని తేల్చుకోండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు: వీటిలో ఒక్కటున్నా ఎక్స్‌రే, కళ్లె పరీక్ష అయ్యేదాకా నివారణ మందు ఇవ్వకూడదు. జబ్బు ఉండగా నివారణకు వాడే ఐసోనియాజిడ్ ఒక్కటే మింగిస్తే క్రిమి దానికి లొంగకుండా పోవచ్చు. ఇంట్లోని అయిదేళ్లలోపు పిల్లలకూ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకూ జబ్బు లేదని తేలితే చాలు, నిద్రాణ టీబీ పరీక్ష లేకుండానే మందు ఇవ్వొచ్చు. ఆ ఖర్చు అక్కడే మిగులుతుంది.

చర్మం మీద చేసే మాంటూ పరీక్ష చవక. ముంజేతి లోపలివైపు చర్మంలోనే 0.1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ (టీబీ క్రిమి ప్రోటీన్ల ద్రవం) ఎక్కించాలి. 6 నుంచి 10 మి.మీ. తెల్లటి బుడిపె లేచిందంటే సరిగ్గా పడినట్టు. లేవకపోతే మందు చర్మం కిందికి జారింది, కనీసం 5 సెం.మీ. దూరంలో మళ్లీ వేయాలి. 48-72 గంటల్లో చేతికి అడ్డంగా గట్టి వాపును మాత్రమే కొలవాలి. ఎరుపును కొలవడం అందరూ చేసే పొరపాటు. 10 మి.మీ. గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్, హెచ్‌ఐవీ లాంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో 5 మి.మీ. చాలు. సోమ, మంగళ, బుధవారాల్లోనే వేయండి. గురువారం వేస్తే శనివారం తప్పితే ఆదివారమే మిగులుతుంది. రోజుకూలీ రెండోసారి రాడు, వేసిన సూది వృథా. చిన్నప్పటి బీసీజీ టీకా కూడా ఇందులో పాజిటివ్ చూపించవచ్చు.

ఇగ్రా రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు, ఒక్కసారి వస్తే చాలు, కానీ ఖరీదు ఎక్కువ. ఇగ్రాలో ఒక రకమైన క్వాంటిఫెరాన్ ప్లస్ అయితే నాలుగు ట్యూబుల్లో తలా 1 మి.లీ. రక్తం తీసి, లోపలి గోడలు తడిసేలా 10 సార్లు ఊపాలి. మరీ గట్టిగా ఊపితే ఫలితం తారుమారు కావచ్చు. రక్తం నింపేటప్పుడు ట్యూబులు 17-25 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి చెన్నై మేలో ఏసీ గది తప్పదు. అలాగని నింపిన ట్యూబుల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 16 గంటల్లోగా 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో చేర్చాలి.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహకే. 100 మందిలో 40 మంది పాజిటివ్, వాళ్లలో జబ్బు బయటపడే అవకాశం 5 శాతం, మందు కాపాడేది 60 శాతం అనుకుంటే రాకుండా ఆగిన కేసులు 1.2. పరీక్షలకూ మందులకూ అయిన మొత్తాన్ని 1.2తో భాగిస్తే ఒక్కో కేసు తప్పించడానికి పడిన ఖర్చు వస్తుంది. అదే 40 మందిలో అవకాశం 0.5 శాతమే అయితే ఆగేది 0.12, ఒక్కో కేసుకు ఖర్చు పదింతలు. వీధిలో శిబిరం పెట్టి అందరికీ చేయడం అందుకే గిట్టదు. 40లో 20 మంది మందు మధ్యలో మానేసి ఏ ప్రయోజనమూ పొందకపోతే 1.2 కాస్తా 0.6. ఏ పరీక్ష మేలని వాదించేకన్నా ఆ 20 మంది ఇంటికి ఎవరు వెళ్తారో ముందే తేల్చుకోవడం మేలు.

పెద్దవాళ్లకు వారానికోసారి చొప్పున 12 వారాల ఐసోనియాజిడ్-రిఫాపెంటిన్ జంట మందుల కోర్సును ఆరు నెలల రోజువారీ కోర్సుకన్నా ఎక్కువమంది పూర్తి చేస్తారు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మానేస్తారు. గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గుతుంది, వేరే పద్ధతి చూసుకోమనాలి. కాలేయ జబ్బు, తాగుడు సంగతి మొదలుపెట్టకముందే అడగండి. వాంతులు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో టీబీ తేలిన మనిషిది మందులకు లొంగని టీబీ అయితే ఈ కోర్సు నప్పదు, నిపుణులే తేల్చాలి. మందు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ 1800-11-6666.