డాబాకు సున్నం పూత ఎలా వేయాలి?

పై అంతస్తులో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. రాత్రి పదైనా ఫ్యాను స్లాబు సెగనే కిందికి తోస్తుంది. ఏసీ కొనే ముందు డాబాకు తెల్లసున్నం వేసి చూడండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తక్కువగా పీల్చే పైకప్పు) పాలసీ తెచ్చింది కదా, అప్పటి నుంచి ఎవరిని కదిపినా డబ్బా పెయింటు మాటే. ఎండను వెనక్కి కొట్టేది తెలుపు, సున్నమూ తెల్లదే. నా ఓటు సున్నానికే. పెయింటులా పెచ్చులు కట్టి ఊడదు, ఏటా శివరాత్రి దాటాక మనమే వేసుకోవచ్చు.

1000 చదరపు అడుగులకు, పూతకు 10 కిలోల లెక్కన మూడు పూతలకు 30 కిలోల రాతిసున్నం తీసుకోండి. కాస్త తుమ్మజిగురు, పొడుగు కర్రకు కట్టిన కుంచె, కళ్లజోడు, రబ్బరు గ్లవుజులు. నీలిమందు వద్దే వద్దు, మనకు కావాల్సింది తెలుపు. డాబా ఊడ్చి, నాచు గీకి, కడగండి. స్లాబు కారుతుంటే ముందు అది బాగుచేయించాలి, సున్నం లీకేజీ ఆపదు.

సున్నం ముందురోజే తడపాలి. ఇనుప డ్రమ్ములో కిలోకు 5 లీటర్ల చొప్పున నీళ్లు పోసి, అందులోకి గడ్డలు కొద్దికొద్దిగా వేయండి. గడ్డల మీద నీళ్లు గుమ్మరిస్తే మొహం మీదికి చిమ్ముతుంది. కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ బకెట్ అయితే మెత్తబడిపోతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మర్నాడు పాత చీరలో వడకట్టి జిగురు కలపండి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఎండలో త్వరగా ఆరుతుందని మిట్టమధ్యాహ్నం పూస్తారు. సున్నం ఆరడం వేరు, గట్టిపడడం వేరు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని అది మళ్లీ రాయిలా మారాలి, దానికి తడి ఉండాలి. కాలే స్లాబు ఆ తడిని నిమిషంలో తాగేస్తే మిగిలేది పొడి. మా మేస్త్రీ మొదటి ఏడాది అలాగే పూశాడు. నాలుగో రోజు గాలికి అదంతా లేచి పక్కింటావిడ ఆరబెట్టుకున్న సగ్గుబియ్యం వడియాల మీద పడింది. ఆవిడ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

అందుకని సాయంత్రం ఐదు దాటాకే మొదలుపెట్టండి. ముందు స్లాబు మీద నీళ్లు చల్లి, మడుగు నిలవకుండా ఇంకనివ్వండి. తర్వాత పాలలా పల్చగా పూయండి. ఒకేసారి చిక్కగా పట్టిస్తే పగుళ్లిచ్చి రేకులుగా లేస్తుంది. పూసేటప్పుడు అది నీళ్లలా కనబడుతుంది, తెలుపు ఆరాకే తేలుతుంది. కంగారుపడి మళ్లీ రుద్దకండి. రోజుకు ఒక పూత, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా.

చివరి పూత తర్వాత మూడు రోజులు పొద్దునా సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరించండి. పైపు పెడితే కొట్టుకుపోతుంది. నాలుగో రోజు అరచేత్తో రుద్ది చూడండి. చెయ్యి బాగా తెల్లబడితే ఇంకో రెండు రోజులు చిలకరించాల్సిందే.