డిసెంబర్ 16కి మన ఊళ్లో 1971 సైనికుల్ని ఎలా పిలవాలి, ఏం చెయ్యాలి

డిసెంబర్ 16 అంటే విజయ్ దివస్, 1971లో పాకిస్తాన్ మీద మనం యుద్ధం గెలిచిన రోజు. ముందు లిస్టు రాసుకోండి. 1971 యుద్ధంలో ఉన్న తాతగార్లంతా డెబ్బై దాటేశారు కాబట్టి వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకండి, పాలకొల్లు వైపైనా అమలాపురం వైపైనా ఊళ్లో రావిచెట్టు కింద కూర్చున్నవాళ్లని అడిగితే మిలిటరీ ఆయన ఇల్లు చూపించేస్తారు, లేదంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. ఆయన పోయినా మామ్మగారు ఉంటారు కదా, ఆవిడ్ని తప్పకుండా పిలవండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు, నాకు చాలా బాధేస్తుంది.

పిలవడానికి వెళ్లినప్పుడే మెడల్స్ చూపించమనండి. మా వీధి తాతగారు బీరువాలో పాత కండువా మడత విప్పి ఐదు కొనల చిన్న నక్షత్రం నా చేతిలో పెట్టారు, రిబ్బన్ అంచు దారాలు లేచిపోయింది. పూర్వీ స్టార్ అంటే తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ అంటే పడమటి వైపు పనిచేసినవాళ్లకి ఇచ్చింది, అది తెలిస్తే పరిచయం సరిగ్గా చెప్పొచ్చు. రిబ్బన్ ఉతక్కండి, మెడల్ ఎడమ ఛాతీ మీదే పెట్టాలి.

అప్పటికి ధనుర్మాసం, పొద్దున్నే మంచు, అందుకే పదింటికి పెట్టుకోండి. ఎండలో నిలబెట్టకండి, చేతుల కుర్చీలు వెయ్యండి. డిసెంబర్ 3 నుంచి 16 దాకా యుద్ధం, ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు, సుమారు 93,000 మంది బందీలు, మీ స్పీచ్‌కి ఇది చాలు, మిగతా టైమంతా మైకు వాళ్లకే ఇచ్చి ఫోన్లో రికార్డు చెయ్యండి. తిరిగి ఇంటి దాకా ఆటోలో మీరే దింపండి.