బెంగళూరులో పీయూ చేరేముందు: నలుగురూ కూర్చుని ఏ వరుసలో మాట్లాడుకోవాలి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో ఏ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర చూసినా ముగ్గురు నలుగురు తెలుగు పిల్లలు చేరి, పీయూ (ప్రీ యూనివర్సిటీ, అంటే ఇక్కడి ఇంటర్), ఆపై చదువుల గురించే మాట్లాడుకుంటూ కనిపిస్తారు. ఆ మాటలు మంచివే, అయితే అవి దాదాపు ఎప్పుడూ కాలేజీ పేర్లతో మొదలై ఫీజుల దగ్గర ఆగిపోతాయి. మీ చదువు ఏ రాష్ట్రపు లెక్కలోకి వస్తుందో ముందు తేల్చుకుని, ఆ తరువాత సబ్జెక్టులు, పరీక్షలు, చివరన కాలేజీ మాట్లాడుకోండి. ఊరు విడిచి వచ్చిన కుటుంబాల పిల్లలకు మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామందికి ఆలస్యంగా తెలిసేదీ అదే.

ఒక తెల్లకాగితం మీద 1 నుంచి 12 వరకు అంకెలు వేసి, ఒక్కో అంకె కింద ఆ తరగతి చదివిన ఊరి పేరు రాయండి. కర్ణాటక ప్రవేశ పరీక్ష అయిన కేసీఈటీ ద్వారా ఇక్కడి ప్రభుత్వ కోటా సీటు కావాలంటే సాధారణంగా వర్తించే నిబంధన ప్రకారం ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూ (పన్నెండో తరగతి) వరకు కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలోని గుర్తింపు పొందిన బడుల్లో చదివి ఉండాలి. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షల్లో ఏదో ఒకటి ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. ఆరో తరగతి దాకా కర్నూలులో చదివి ఏడో తరగతికి వచ్చిన అబ్బాయికి 7 నుంచి 12 వరకు లెక్కపెడితే ఆరేళ్లే వస్తాయి, అంటే ఒక్క ఏడాది తక్కువ. తల్లిదండ్రుల చదువును, ఉద్యోగాన్ని బట్టి వర్తించే వేరే నిబంధనలు కూడా ఉన్నాయి కాబట్టి అలాంటివారు ఆశ వదులుకోకుండా ఆ పరీక్ష నిర్వహించే కేఈఏ సంస్థ సమాచార పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవాలి.

మా పై అంతస్తులోని అమ్మాయి ఈ కాగితం పట్టుకుని మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్న సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఆమె అనంతపురం నుంచి అయిదో తరగతికి ఇక్కడికి వచ్చింది. ఇంటర్‌కు బెజవాడ హాస్టల్‌కు పంపాలని ఇంట్లో అప్పటికే అనుకున్నారు. పెన్సిల్ కొనతో ఒక్కో అంకెనూ తాకుతూ 5 నుంచి 10 దాకా రెండుసార్లు లెక్కపెట్టి, "ఆంటీ, ఆరే వస్తున్నాయి" అంది. ఇక్కడే పీయూ చదివితే ఎనిమిదేళ్లు. బెజవాడ వెళితే ఆరేళ్ల దగ్గరే లెక్క ఆగిపోతుంది. అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ స్థానిక అభ్యర్థి కావాలంటే సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా 4 విద్యా సంవత్సరాలు అక్కడ చదివి ఉండాలి, ఇంటర్ రెండేళ్లు అందుకు చాలవు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యేదల్లా ఆ లెక్కతో బయటపడి, ఆమె ఇక్కడే చేరింది.

కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలైన ఎన్ఐటీల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రపు కోటా కింద ఉంటాయి, కానీ సొంత రాష్ట్రమంటే అమ్మానాన్నల ఊరు కాదు, మీరు పన్నెండో తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం. బెంగళూరులో పీయూ పూర్తిచేసినవారికి ఆ కోటా కర్ణాటక ఎన్ఐటీ ఉన్న సురత్కల్‌లో వర్తిస్తుంది. వరంగల్‌లోనూ తాడేపల్లిగూడెంలోనూ వారు ఇతర రాష్ట్రాల కోటాలోనే పోటీపడాలి.

ఇక సబ్జెక్టులు. మన ఎంపీసీ, బైపీసీ అలవాటుతో ఇక్కడి పీయూను చూడకండి. ఇక్కడ రెండు భాషలు, నాలుగు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. సైన్సులో పీసీఎంబీ (భౌతిక, రసాయన, గణిత, జీవ శాస్త్రాలు), పీసీఎంసీ (జీవశాస్త్రం బదులు కంప్యూటర్ సైన్స్) ప్రధానంగా కనిపిస్తాయి. డాక్టరు చదువా ఇంజనీరింగా అని నిజంగానే తేలనివారికి పీసీఎంబీ రెండు దారులనూ తెరిచి ఉంచుతుంది, కానీ రెండు కొండలను ఒకేసారి ఎక్కించే భారం కూడా దానిదే. జీవశాస్త్రం మీద ఇష్టం లేకుండా, ఎందుకైనా మంచిదని మాత్రమే దాన్ని తీసుకోవద్దని నా గట్టి సలహా. లెక్కలు, ఖాతాలు నచ్చేవారు కామర్స్‌ను రెండో రకం చదువుగా చూడడం మానుకోవాలి. పీయూ భాషల్లో తెలుగు కూడా ఉంది. మీరు చేరే కాలేజీలో చెబుతారేమో తప్పక అడగండి, ఎందుకంటే కేసీఈటీ ఇంజనీరింగ్ ర్యాంకులో భాషల మార్కులు కలవవు కాబట్టి మార్కుల భయంతో అమ్మభాషను వదులుకోవలసిన అవసరం లేదు.

ఆ ర్యాంకు ఎలా కడతారో నలుగురూ ఒకసారి చేత్తో వేసి చూసుకోండి. సెకండ్ పీయూలో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల మార్కులకు సగం, కేసీఈటీ మార్కులకు సగం విలువ ఉంటుంది. పీయూలో 300కు 270, కేసీఈటీలో 180కి 120 వచ్చినవారికి 90 శాతం, 66.67 శాతం కలిపి సగం చేస్తే 78.33 వస్తుంది. కోచింగ్ మోజులో బోర్డు పరీక్షను గాలికి వదిలేసేవారు ఈ లెక్కను గోడకు అంటించుకోవాలి. వైద్యవిద్యకు మాత్రం నీట్ మార్కులే ఆధారం.

పరీక్షల తీరు వేరువేరుగా ఉంటుంది కనుక సాధన కూడా వేరుగా ఉండాలి. కేసీఈటీలో సబ్జెక్టుకు 60 ప్రశ్నలు, 80 నిమిషాలు, తప్పు జవాబుకు కోత లేదు. చివరి నిమిషంలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచకూడదు. ఇక్కడి ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కేలోనూ 180 ప్రశ్నలకు కోత ఉండదు, ఏడేళ్ల లెక్క కుదరని ఆ కర్నూలు అబ్బాయిలాంటివారికి అదొక మంచి దారి. జేఈఈ మెయిన్‌లోనూ నీట్‌లోనూ సరైనదానికి 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. నాలుగు పరీక్షలకూ ఒకే చేయి అలవాటైతే ఒకచోట లాభించింది మరోచోట నష్టపెడుతుంది, అందుకే నమూనా పరీక్ష రాసిన ప్రతిసారీ ఊహించి పెట్టిన జవాబుల పక్కన చుక్క పెట్టుకుని, వాటిలో ఎన్ని నిలిచాయో మిత్రులతో కలిసి చూసుకోండి.

ఆ ఏళ్ల లెక్కకు రుజువుగా పాత బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఈ సెలవుల్లోనే తెచ్చుకోండి. జనవరిలో జేఈఈ, మార్చిలో బోర్డు, ఏప్రిల్‌లో కేసీఈటీ, మేలో నీట్ వరుసగా వచ్చినప్పుడు వాటికోసం ఊళ్లు తిరగడం ఎవరివల్లా కాదు.

కాలేజీ పేరు ఇప్పుడు మాట్లాడుకోండి. ప్రాక్టికల్స్‌కు 30 మార్కులుంటాయి కాబట్టి ల్యాబ్ చూపించమని అడగండి, కోచింగ్ కూడా కలిపి చెబుతామంటే ఇంటికి చేరేది ఎన్ని గంటలకో అడగండి. కాడుగోడి నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఉంది కదా అని జయనగర్ దాకా ఒప్పుకునేముందు, ఒక సోమవారం ఉదయం కాలేజీ వేళకు అక్కడ ఉండేలా ఇంటి నుంచి బయలుదేరి, ఎన్ని బండ్లు మారారో, ఎంతసేపు పట్టిందో అదే కాగితం వెనక రాసుకోండి.