ముహూర్తాల ముందు క్లిప్పులు, సవరాలు, జడ సెట్లు కడుగుతున్నారా? ఇవి చూసుకోండి

అనంతపురంలో ఎండాకాలం ముహూర్తాలంటే తెలిసిందే కదా, చెమట, నూనె, సీరమ్, దానిమీద హెయిర్ స్ప్రే, అన్నీ కలిసి క్లచ్చర్ పళ్ల మధ్య మడ్డిలా పట్టేస్తాయి. తెల్లటి పొడి రాలుతుంటే అన్నిసార్లూ చుండ్రు అనుకోకండి, ఎండిపోయిన జెల్ కూడా అలాగే రాలుతుంది. పెళ్లికి కనీసం రెండ్రోజుల ముందే ఈ పని పెట్టుకోండి. ఆ పొద్దున హడావిడిగా గీకితే పోయేది జిడ్డు కాదు, పైనున్న రంగు.

ముందు వస్తువు దేంతో చేశారో చూడండి. మామూలు ప్లాస్టిక్ క్లిప్పులకు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల షాంపూ, పాత టూత్ బ్రష్ చాలు. పది నిమిషాలు నాననిచ్చి పళ్ల సందుల్లో, స్ప్రింగ్ దగ్గర రుద్దండి. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది, అతికించిన రాళ్లు ఊడి సింకులో పడతాయి. బట్టల సబ్బు కూడా వద్దు. మన బోరు నీళ్లు ఎలాగూ గట్టివి, సబ్బు సరిగా నురగ రాక తెల్లగా ఇంకో పొర కడుతుంది. ఆఖరుసారి క్యాన్ నీళ్లు ఒక గ్లాసుడు పోసి కడిగితే మరకలు మిగలవు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. కరోనా అప్పటి శానిటైజర్ మిగిలి ఉంది కదా అని, లేదంటే నెయిల్ పాలిష్ రిమూవర్ ఉంది కదా అని అన్నిటికీ పూసేస్తుంటారు. హెయిర్ స్ప్రే పొర శానిటైజర్‌లో ఉండే స్పిరిట్‌కి కరుగుతుంది, అది నిజమే, కానీ ఉత్త స్టీలు పిన్నులకు మాత్రమే వాడండి, అదీ పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి. గాజులా కనిపించే యాక్రిలిక్ ప్లాస్టిక్ క్లిప్పు మీద స్పిరిట్ పడితే సన్నగా పగుళ్లు వస్తాయి. రిమూవర్‌లో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది.

ముత్యాలున్న వాటికి నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ జోలికే పోవద్దు, పులుపు ముత్యాన్ని తినేస్తుంది. వన్ గ్రామ్ గోల్డ్ జడబిళ్లలకూ అంతే, పూత పోతుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దండి. ఇక వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ కలిపే ప్రయోగం ఎక్కడా చేయొద్దు, విషవాయువు వస్తుంది.

సవరాన్ని రుద్దకుండా, పిండకుండా, షాంపూ నీళ్లలో ముంచి పైనుంచి కిందకి చేత్తో దువ్వినట్టు కడగండి. ఒరిజినల్ జుట్టు కాకపోతే హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, ముడుచుకుపోతుంది. వేప దువ్వెనలు నానబెడితే ఉబ్బి చీలతాయి, వాటిని బ్రష్‌తో దులిపి తడిగుడ్డతో తుడవండి. నూనె తాగి సాగిపోయిన రబ్బరు బ్యాండ్లా, పారేయండి, వాటి మీద టైమ్ దండగ.

ఆరబెట్టడం నీడలో, ఫ్యాను కింద. మేడ మీద పరిస్తే మన ఎండకి జిగురు మెత్తబడుతుంది, రంగు వెలిసిపోతుంది. స్ప్రింగుల్లో తడి ఉండగానే డబ్బాలో పెట్టి మూస్తే తుప్పు పడుతుంది, ఆ తుప్పు మరక జుట్టుకే కాదు, పట్టు రవిక భుజానికి కూడా అంటుకుంటుంది.

అద్దెకు తెచ్చిన జడ సెట్ అయితే ఇవేవీ చేయకండి. తెచ్చేటప్పుడే ఫోటోలు తీసుకుని, పొడి గుడ్డతో తుడిచి తిరిగిచ్చేయండి, రంగు తేడా వస్తే డిపాజిట్ పట్టుకుంటారు.