బండి ఇంజిన్ వణుకుతోందా? స్పానర్ పట్టే ముందు ఈ జాగ్రత్తలు

బెంగళూరు మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు చాలామంది బేస్‌మెంట్‌లోనే బండి రిపేర్ మొదలుపెడతారు. నా భయమంతా అక్కడే. లోపల ఇంజిన్ ఆన్‌లో ఉంచి వైబ్రేషన్ చూడకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తల తిరిగేదాకా తెలియదు. బండిని గాలి ఆడే చోటికి తోసుకెళ్లండి.

• సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి.

• వణుకు ఎప్పుడు వస్తోందో ముందే రాసుకోండి. న్యూట్రల్‌లో రేజ్ చేసినా వస్తే ఇంజిన్ వైపు, నడిపినప్పుడే వస్తే చైన్, చక్రాల వైపు చూడాలి. ఇది తేల్చుకోకుండా బోల్టులు విప్పితే రోజంతా వృథా.

• సైలెన్సర్ పూర్తిగా చల్లారనివ్వండి.

• చైన్ ముట్టుకునే ముందు ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడిస్తే వేళ్లు పోతాయి. బతిమాలి చెబుతున్నా, వద్దు.

• ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులన్నీ ఒకేసారి వదులు చేయొద్దు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్) దగ్గర పెట్టుకుని, మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారమే బిగించండి. వణుకును ఆపే రబ్బరు బుష్ అరిగితే పాతది వెంట తీసుకెళ్లి, స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో సరిపోల్చుకుని కొనండి.