డీజిల్ పికప్ లోడు లాగకపోతే, డ్యాష్‌బోర్డు మీద లైట్లు వెలిగితే: లక్షణం, కారణం, పరిష్కారం

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్ 6 ప్రమాణాలకు తగ్గట్టే ఉండాలి. నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు కాయ తోలే బండి అయినా, మిర్యాలగూడ మిల్లుల మధ్య బియ్యం తిప్పేదైనా, వెనక జనరేటర్ ట్రాలీ కట్టుకుని ఫంక్షన్ హాళ్లకు తిరిగేదైనా అంతే. పాత బండికి సైలెన్సర్ అంటే ఒక పైపు, ఒక డబ్బా. కొత్త బండిలో ఆ దారిలోనే మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఉంటుంది. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఉంటుంది. కొన్ని మోడళ్లలో పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం (డెఫ్) పోసే, నీలం మూత ఉన్న డెఫ్ ట్యాంకు కూడా ఉంటుంది. వీటన్నిటినీ సెన్సర్లు కనిపెడుతుంటాయి. తేడా వస్తే లైటు వెలుగుతుంది, ఇంకా పట్టించుకోకపోతే కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తుంది.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. డీపీఎఫ్ దానంతట అది చెడిపోవడం చాలా అరుదు. దానికి ముందున్న భాగం ఏదో పాడై మసి ఎక్కువ రావడమో, బండి నడిపే తీరు వల్ల ఆ మసి కాలకపోవడమో జరిగితేనే అది నిండుతుంది. అందుకే లైటు వెలగగానే "డీపీఎఫ్ మార్చాలి" అని చెప్పేవాళ్ల మాట విని వేలకు వేలు పెట్టకండి. మసి ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా కొత్తది వేస్తే, అది కూడా కొన్నాళ్లకే నిండుతుంది.

డీపీఎఫ్ లైటు వెలిగింది, బండి మాత్రం బాగానే నడుస్తోంది

ఇది మొదటి హెచ్చరిక. ఇక్కడే పట్టుకుంటే ఖర్చు ఏమీ ఉండదు. డీపీఎఫ్‌లో చేరిన మసి కాలి బూడిద కావాలంటే లోపల వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. బండి హైవే మీద నిలకడగా పోతుంటే ఇంజినే ఆ వేడిని పుట్టించుకుని మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే ఆ పని సగంలోనే ఆగిపోతుంది.

చాలామంది లోడు వల్లే డీపీఎఫ్ పోతుందనుకుంటారు. నిజానికి నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా లోడుతో ఆగకుండా పోయే బండికి ఈ సమస్య తక్కువ. టౌన్‌లోనే రెండు మూడు కిలోమీటర్లు పోవడం, ఆగడం, మళ్లీ స్టార్ట్ చేయడం, మార్కెట్ యార్డులో వంతు వచ్చేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచడం, ఇవి డీపీఎఫ్‌ను నింపుతాయి. జనరేటర్ ట్రాలీలు లాగే బండ్లకు ఈ తిప్పలు ఎక్కువ. హాలు పక్క వీధిలోనే ఉంటుంది, సైలెన్సర్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది.

పరిష్కారం: బండిని హైవే ఎక్కించి, ఒక గేరు తక్కువలో పెట్టి, ఇంజిన్ 2000 ఆర్‌పీఎంకు కాస్త పైనే ఉండేలా ఇరవై నిమిషాలు, అరగంట ఆగకుండా నడపండి. చాలాసార్లు లైటు దానంతట అదే ఆరిపోతుంది. ఐడిలింగ్ కొంచెం పెరిగి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూ, కింద నుంచి వేడి వాసన వస్తుంటే లోపల మసి కాలుతోందని అర్థం. అప్పుడు ఇల్లు వచ్చినా తాళం తిప్పేయకండి, అది పూర్తయ్యేదాకా ఇంకో రౌండు వేయండి. కొన్ని బండ్లలో నిలబెట్టి చేసే రీజనరేషన్‌కు స్విచ్ ఇస్తారు. మాన్యువల్‌లో చెప్పినట్టు దాన్ని వాడొచ్చు.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటుంది. వరికోతల రోజుల్లో గడ్డి మోపులు ఎత్తడానికి బండిని నేరుగా పొలంలోకి దింపుతారు. రీజనరేషన్ జరుగుతున్నప్పుడు సైలెన్సర్ కింద ఎండు గడ్డి ఉంటే అంటుకుంటుంది, పైన ఉన్నది కూడా గడ్డే. లైటు వెలుగుతున్న బండిని కోసిన మడిలోకి, గడ్డివాము పక్కకు తీసుకుపోవద్దు. రోడ్డు మీదే పని పూర్తి చేసుకుని, సైలెన్సర్ చల్లారాకే దింపండి.

ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట పెట్టి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? వేలికి రాస్తే నీళ్లలా పలచగా జారుతోందా? ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన వస్తోందా? మూడూ నిజమైతే బండి నడపకండి.

రీజనరేషన్‌కు వేడి పెంచడానికి చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకి చివర్లో కొంచెం అదనంగా డీజిల్ చల్లుతాయి. ఆ పని మాటిమాటికీ సగంలో ఆగుతుంటే కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో అరిగిపోతాయి. మరీ ఎక్కువైతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా లాక్కుని అదుపు లేకుండా రేస్ అవుతుంది. డీజిల్ చల్లే ఇంజెక్టర్ కారడం వల్ల కూడా ఇలా జరగొచ్చు. అందుకే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చి ఊరుకోకుండా వర్క్‌షాపులో ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష కూడా చేయించండి.

ఆయిల్ రకం విషయంలో రాజీ పడొద్దు. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువగా వచ్చే ఆయిల్ పోయాలి. డబ్బా మీద సీకే-4 అని గానీ, మాన్యువల్‌లో రాసిన గ్రేడు గానీ ఉందో లేదో చూసుకోండి. పాత ట్రాక్టర్‌కు పోసే ఆయిల్‌ను దీనికీ పోస్తే, అది కాలినప్పుడు వచ్చే బూడిద డీపీఎఫ్‌లోనే ఉండిపోతుంది.

ఎత్తు మీద లోడు లాగట్లేదు

ఖాళీగా ఉంటే గుర్రంలా పోతుంది. లోడు వేసి, వెనక ట్రాలీ తగిలించి మన్ననూర్ ఘాట్ ఎక్కిస్తే మాత్రం ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలదు. ఈ లక్షణానికి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి తక్కువ ఖర్చుతో తేలేవాటిని ముందు చూడాలి.

మొదట ఎయిర్ ఫిల్టర్. కంకర క్వారీల దగ్గర, మట్టి బాటల్లో తిరిగే బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా అది ఆగదు. గాలి తగ్గితే డీజిల్ సరిగా కాలదు. ఆ మసి అంతా పోయి చేరేది డీపీఎఫ్‌లోనే.

తర్వాత టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు గొట్టాలు. బండి నిలబడి ఉంటే ఇవి బాగానే కనిపిస్తాయి. లోడు మీద టర్బో గాలి గట్టిగా కొట్టినప్పుడే చీలిక తెరుచుకుంటుంది. బానెట్ ఎత్తి, గొట్టాన్ని చేత్తో వంచి కింది వైపు తడిమి చూడండి. క్లిప్పు చుట్టూ నూనె, దుమ్ము కలిసి నల్లటి చార కట్టి ఉంటే గాలి అక్కడి నుంచే పోతోంది. గొట్టం లోపల పలచగా నూనె తడి ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఎత్తు మీద మాత్రమే "స్‌స్‌" అని చప్పుడు రావడం కూడా ఈ చీలిక లక్షణమే. లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ 0299 అని వస్తుంది, అంటే టర్బో గాలి సరిపోవడం లేదని. ఈ కోడ్ చూడగానే టర్బో విప్పేసే మెకానిక్‌లు ఉన్నారు. ముందు గొట్టాలు చూడమని గట్టిగా అడగండి.

మూడోది డీజిల్ ఫిల్టర్. ఫిల్టర్ నిండిపోయినా, అందులో నీళ్లు చేరినా లోడు మీద ఇంధన ఒత్తిడి పడిపోతుంది, పీ 0087 కోడ్ వస్తుంది. ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే డీజిల్ కింద వేరుగా తేలిగ్గా కనబడతాయి. డ్రమ్ముల్లో నిల్వ పెట్టి అమ్మే డీజిల్ పోయించే బండ్లకు ఇది మామూలు. బీఎస్ 6 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో 10కి మించదు. ఆ డీజిల్‌కు తగ్గట్టు చేసిన బండిలో కిరోసిన్ కలిపినదో, ఊరూపేరూ లేని బయోడీజిలో పోస్తే ఇంజెక్టర్లు, డీపీఎఫ్ రెండూ దెబ్బతింటాయి.

నాలుగోది ఈజీఆర్ వాల్వు. మసి, నూనె ఆవిరి కలిసి తారులా గడ్డకట్టి వాల్వు తెరుచుకునే ఉండిపోతే, లోడు మీద స్వచ్ఛమైన గాలికి బదులు పొగే ఇంజిన్‌లోకి పోతుంది. విప్పి శుభ్రం చేస్తే చాలావరకు సరిపోతుంది. శుభ్రం చేశాక చాలా బండ్లలో స్కానర్‌తో వాల్వు స్థానాన్ని మళ్లీ నేర్పించాలి. అది చేయకుండా బిగించి పంపితే లైటు మళ్లీ వెలుగుతుంది.

ఇవన్నీ బాగున్నాకే డీపీఎఫ్ వైపు చూడాలి. అప్పుడు కూడా ముందు చూడాల్సింది దానికి రెండు వైపుల నుంచి ఒత్తిడి సెన్సర్‌కు వచ్చే సన్నని గొట్టాలను. చిటికెన వేలంత కూడా ఉండవు. వేడికి ఒకటి పగిలినా, ఊడినా సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. బాగున్న డీపీఎఫ్ నిండినట్టు, నిండినది ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది. ఆ చిన్న గొట్టం మారిస్తే పోయే జబ్బుకు డీపీఎఫ్‌నే బలి చేయడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

గొట్టాలు కూడా సరిగా ఉండి పీ 2463 కోడ్ వస్తుంటే మసి నిజంగానే హద్దు దాటింది. ఆ స్థితిలో హైవే మీద ఎంత నడిపినా కాలదు, కంప్యూటరే ఒప్పుకోదు. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి ఫోర్స్‌డ్ రీజనరేషన్ చేయించాలి.

నడిపే తీరు కూడా ఇందులో కలుస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కుతూ పై గేరులోనే ఉంచి ఇంజిన్‌ను ఈడ్పించడం మంచిది కాదు. తక్కువ ఆర్‌పీఎంలో టర్బో సరిగా గాలి ఇవ్వదు, మసి బాగా వస్తుంది. గేరు తగ్గించండి. ఘాట్ ఎక్కి ఆపగానే ఇంజిన్ కట్టేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే టర్బో బేరింగుల్లో నూనె మాడదు.

డెఫ్ లైటు, "క్వాలిటీ" హెచ్చరిక

ఇది డెఫ్ ట్యాంకు ఉన్న బండ్లకే. డెఫ్ అంటే 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. ఎరువుల యూరియాను నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2015 నుంచి మన దగ్గర ఎరువుల దుకాణంలో దొరికే సబ్సిడీ యూరియా దాదాపు అంతా వేప నూనె పూసినదే. ఆ నూనె, ఇతర మలినాలు పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును పాడుచేస్తాయి, డెఫ్ ఇంజెక్టర్‌ను మూసేస్తాయి. నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పదనం ఎంతో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క చెంబు పోసినా లోపల గార కడుతుంది.

మంచి డెఫ్ పోసినా హెచ్చరిక వస్తోందంటే అది ఎక్కడ నిల్వ ఉందో ఆలోచించండి. 25 డిగ్రీల దగ్గర ఏడాదిన్నర ఆగే డెఫ్, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే ఆగుతుంది. మన ఎండాకాలం 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో పడి ఉన్న పాత క్యాన్ చవకగా ఇస్తామన్నా వద్దు. తయారీ తేదీ చూసి కొనండి, ఖాళీ అవుతుంటేనే తెచ్చుకోండి.

డెఫ్ ఇంజెక్టర్ చుట్టూ, పైపు అతుకుల దగ్గర తెల్లగా ఉప్పులా పేరుకుంటే అది యూరియా గడ్డే. గోరువెచ్చని శుద్ధమైన నీళ్లతో కడిగితే కరుగుతుంది, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. కారుతున్న చోటు కనిపెట్టి బిగించండి. పొరపాటున డెఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకండి. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్లు అన్నీ తినేస్తుంది. బండిని కదపకుండా ట్యాంకు పూర్తిగా దింపించి కడిగించాలి.

ఇంజిన్ వేడెక్కుతోంది, కూలెంట్ తగ్గుతోంది

వేడికి మొదటి కారణం సాధారణంగా ముందరి గ్రిల్ వెనకే ఉంటుంది. మిల్లుల దగ్గర ఊక, పత్తి జిన్నింగుల దగ్గర దూది ఇంటర్‌కూలర్‌కు, రేడియేటర్‌కు మధ్య దూరి దుప్పటిలా పరుచుకుంటాయి. బయట నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, ఒత్తిడి తక్కువ నీళ్లతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతూ, తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తుంటే ఇంజిన్‌లోకి తిరిగి పోయే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లోపల చిల్లు పడిందేమో చూడాలి. హెడ్ గాస్కెట్ విప్పించే ముందు ఆ కూలర్‌కు ప్రెషర్ పరీక్ష అడగండి.

పొగ రంగు

నల్లగా వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలో రింగులో చూడాలి. అసలు డీపీఎఫ్ బాగున్న బండికి నల్ల పొగ కనబడనే కూడదు. కనబడితే లోపలి జల్లెడ పగిలిందని అర్థం, లేదా ఎవరో దాన్ని ముందే తీసేశారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు సైలెన్సర్ కొస లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. వేలు నల్లగా మసి అయితే ఆ బేరం మీద ఇంకోసారి ఆలోచించండి.

"అన్నా, డీపీఎఫ్ తీసేద్దాం, పీడా పోతుంది"

ఈ మాట ప్రతి ఆటోనగర్‌లోనూ వినిపిస్తుంది. లోపలి జల్లెడ పగలగొట్టి, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చి ఇస్తారు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వారంటీ పోతుంది. ఆ మసి పీల్చేది యార్డులో మన బండి వెనకే బస్తాలు మోసే హమాలీలు. పైగా మసి పుట్టిస్తున్న ఇంజెక్టరో, చిరిగిన గొట్టమో అలాగే ఉండిపోతుంది. హెచ్చరించే లైటు కూడా ఉండదు కాబట్టి ఈసారి తెలిసేది ఇంజిన్ పని వచ్చాకే.

డీపీఎఫ్ నిజంగా పనికిరాని స్థితికి రావడం కూడా ఉంటుంది. ఫోర్స్‌డ్ రీజనరేషన్ చేయించిన కొద్ది రోజులకే లైటు మళ్లీ వస్తూ, గొట్టాలు, ఇంజెక్టర్లు, ఈజీఆర్ అన్నీ బాగున్నాయని తేలితే, లోపల మిగిలింది మసి కాదు, బూడిద. దాన్ని ఏ వేడీ కాల్చలేదు. అప్పుడు డీపీఎఫ్‌ను విప్పి, దాన్ని శుభ్రం చేసే యంత్రం ఉన్న చోట బూడిద ఊదించి, బిగించాక స్కానర్‌లో లెక్కను సున్నాకు తేవాలి. లోపలి జల్లెడ కరిగినా, పగిలినా మాత్రమే కొత్తది కొనాలి. విప్పినప్పుడు టార్చి వేసి మీ కళ్లతో చూసి, ఫోటో తీసుకుని, అప్పుడు డబ్బులివ్వండి.