పైథాన్ పాఠాలు, 3వ భాగం: తేదీని, సమయాన్ని స్ట్రింగుగా మార్చడం

గత భాగంలో డేట్‌టైమ్ మాడ్యూల్ సాయంతో 2024 మార్చి 7, సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు ఒక ఆబ్జెక్టును తయారు చేసుకున్నాము. దానిని ప్రింట్ చేస్తే 2024-03-07 16:05:00 అని కనబడుతుంది. మనకు కావలసిన రూపంలో చూపించడానికి సీ భాష నుండి పైథాన్‌కు వచ్చిన ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ అనే మెథడ్ ఉంది.

ఈ మెథడ్‌కు ఒక నమూనా స్ట్రింగును ఇవ్వాలి. అందులో % గుర్తు వెంట వచ్చే ఆంగ్ల అక్షరాన్ని పైథాన్ సంకేతంగా తీసుకుంటుంది. గీతలు, చుక్కలు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్లే ఫలితంలోకి వస్తాయి. పెద్ద వై సంవత్సరానికి, చిన్న ఎం నెలకు, చిన్న డీ రోజుకు, పెద్ద హెచ్ 24 గంటల లెక్కలో గంటకు, పెద్ద ఎం నిమిషానికి, పెద్ద ఎస్ సెకనుకు సంకేతాలు.

ఇక్కడ చిన్న ఎం, పెద్ద ఎం తారుమారైతే పైథాన్ ఏ ఎర్రరూ చూపదు. పై ఆబ్జెక్టులో నెలకు బదులు నిమిషాన్ని అడిగితే 2024-05-07 వస్తుంది. చూడటానికి అది నిక్షేపమైన తేదీయే, కాని మార్చి కాస్తా మే అయిపోయింది. నిమిషం 45 అయి ఉంటే 2024-45-07 అని వచ్చి తప్పు వెంటనే పట్టుబడేది. అందువల్ల నమూనాను పరీక్షించేటప్పుడు రోజు, గంట, నిమిషం మూడూ 12 దాటి, ఒకదానితో ఒకటి కలవని సమయాన్ని ఎంచుకోవాలి.

12 గంటల లెక్క కావాలంటే పెద్ద ఐ వాడి, ఉదయం, సాయంత్రం తేడా తెలిపే చిన్న పీని తప్పక చేర్చాలి. లేకపోతే 04:05 ఏ పూటదో తెలియదు. పెద్ద బీ నెల పేరునిస్తుంది గాని, లొకేల్ (భాష, ప్రాంతాలకు తగిన అమరిక) మార్చనంతవరకు ఆ పేరు ఆంగ్లంలోనే ఉంటుంది. లొకేల్ ఒక్కో కంప్యూటరులో ఒక్కో తీరుగా ఉండవచ్చు కనుక, తెలుగు పేర్లకు పన్నెండు నెలల లిస్టును మనమే రాసుకొని, నెల సంఖ్య నుండి 1 తీసివేసి అందులో వెతకడం నయమని నా అభిప్రాయం.

ఇలా అలంకరించిన స్ట్రింగును తెరపై చూపడానికే వాడండి. ఫైలులో భద్రపరచడానికి తేదీలు రాసే తీరుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 చెప్పే సంవత్సరం-నెల-రోజు వరుసే తగినది, ఎందుకంటే ఆ స్ట్రింగులను అక్షరక్రమంలో పేర్చినా తేదీలు కాలక్రమంలోనే వస్తాయి. దానికి ఐసోఫార్మాట్ అనే మెథడ్ విడిగా ఉంది. టైమ్‌జోన్ వివరం చిన్న జెడ్ సంకేతంతో వస్తుంది. ఆబ్జెక్టుకు టైమ్‌జోన్ ఇవ్వకపోతే ఆ చోట ఎర్రరుకు బదులు ఖాళీ మిగులుతుంది.

అభ్యాసం: 2024 డిసెంబర్ 30ని ఒకసారి పెద్ద వైతో, ఒకసారి ఐఎస్ఓ వారాల లెక్కలో సంవత్సరాన్నిచ్చే పెద్ద జీతో ప్రింట్ చేయండి. మొదటిది 2024 అని, రెండవది 2025 అని చూపుతుంది. ఆ రోజు సోమవారం అన్న విషయం గుర్తుంచుకొని, ఐఎస్ఓ లెక్కలో ఆ వారం ఏ సంవత్సరానికి చెందుతుందో కనుగొనండి.